స్క్రూలు లేని విమానం

నిన్న శంషాబాద్‌లో మా పాపకు బొమ్మ విమానం కొన్నాను. పెట్టె తెరవగానే వచ్చిన కొత్త ప్లాస్టిక్ వాసన నన్ను గగన్‌పహాడ్‌లోని మా పాత కిరాయి గదికి తీసుకుపోయింది.

అక్కడి బొమ్మల కంపెనీ నుంచి అమ్మ విమానాల ముక్కలు బస్తాలో తెచ్చి, ఇంట్లో కూర్చుని స్క్రూలు బిగించేది. ఇంటిమీదుగా విమానం పోతుంటే, దాన్నీ ఏదో ఒక ఇంట్లో ఎవరో అమ్మ బిగించే ఉంటుందనుకునేదాన్ని.

ఒక సాయంత్రం అమ్మ బస్తా లేకుండా, చేతిలో రెండు ముక్కలతో వచ్చింది. వాటిని కలిపి నొక్కితే టక్కుమని అతుక్కుని విమానమైపోయాయి.

"స్క్రూలేవమ్మా?"

"కొత్త అచ్చు బిడ్డా. ఇగ స్క్రూలు అక్కర్లేదంట. గిట్ల ఒత్తితే సాలు, మిషన్ కాడనే అయిపోతదంట. ఖర్చు తక్కువంట."

నాకు భయమేసింది. "మరి పైన పోయే విమానం ఊడిపోదా?"

అమ్మ నవ్వి నన్ను ఒళ్లో పడుకోబెట్టుకుంది. కిటికీలో ఒక విమానం దీపాలు మెల్లగా కిందికి దిగుతున్నాయి. నా జుట్టులో అమ్మ వేళ్లు స్క్రూ తిప్పుతున్నట్టే తిరుగుతున్నాయి. ఆ హాయికి నిద్రపట్టేసింది.

అవి పని పోయిన వేళ్లని అప్పుడు నాకు తెలియదు.