పండక్కని చెప్పిన గౌను

మొన్న ఆదివారం మా అబ్బాయి తన కూతుర్ని బాపట్ల తీసుకెళ్ళి, సూర్యలంకలో సముద్రం చూపిస్తానన్నాడు. తీరా పొద్దున్నే ఆఫీసు నుంచి ఏదో ఫోనొస్తే, వచ్చే వారం వెళదాంలే అన్నాడు. ఇలా అనడం ఇది మొదటిసారేమీ కాదు. వాడి ఉద్యోగం అలాంటిది, తప్పుపట్టను. నన్ను బాధపెట్టింది మా మనవరాలు. రెండో తరగతి పిల్ల, ఏడవలేదు, అలగలేదు, సరే డాడీ అని వెళ్ళి టీవీ పెట్టుకుంది. తెనాలిలో మా ముందుగదిలో కూర్చుని దానివంక చూస్తుంటే, రేపల్లెలో మా నాన్న కుట్టుమిషను గుర్తొచ్చింది.

నాన్న టైలరు. టైలర్ల మాట ఎలాంటిదో మన ఈడువాళ్ళకు నేను చెప్పనక్కర్లేదు, "రేపు రండి" అనకపోతే వాళ్ళకు పొద్దుపోదు. నాన్న మాత్రం డిసెంబరు మొదలయ్యేసరికి చేతిలో ఉన్న పని చూసుకుని, ఇంక కుదరదండి అంటూ వచ్చిన గుడ్డని వచ్చినట్టే తిప్పి పంపేవాడు. చేజేతులా బేరం పోగొట్టుకుంటున్నాడని అమ్మ గొణుక్కునేది. పుచ్చుకుని కుట్టలేకపోతే వాళ్ళు పాతబట్టలతో చర్చికొస్తారు, అక్కడ వాళ్ళ మొహం నేను చూడాలి కదా అనేవాడు నాన్న. అయితే ఆ జాగ్రత్తలో ఇంట్లోవాళ్ళం లేము. ఊరందరివీ అయ్యాక మా వంతు, అంటే మా క్రిస్మస్ బట్టలు కొత్త సంవత్సరానికి వచ్చేవి. టైలరు కూతురికే కొత్తగౌను లేదని తోటిపిల్లలు నన్ను ఏడిపించేవాళ్ళు.

ఒక ఏడాది పండగనాడు చర్చిలో అందరి ముందూ నిలబడి బైబిలు వాక్యం చెప్పే వంతు నాకొచ్చింది. ఈసారి పండక్కే గౌను కావాలని నాన్న వెనకాలే తిరిగాను. ఆయన వెంటనే ఊ అనలేదు. కుట్టాల్సిన బట్టలన్నీ ఒకసారి తిరగేసి చూసుకుని, పండక్కి నీ గౌను నీకుంటుందమ్మా అన్నాడు. అంతే, నేను వీధంతా చాటింపు వేసేశాను.

పండగ ముందురోజు మధ్యాహ్నానికి ఇవ్వాల్సినవన్నీ ఇచ్చేసి, నా లేతనీలం గుడ్డ కత్తిరించి మిషను ముందు కూర్చున్నాడు. అప్పుడొచ్చారు పాస్టరుగారి భార్య. ఆవిడంటే మాకందరికీ గౌరవం, కొంచెం భయం కూడా. పాటలు పాడే అమ్మాయిలందరి జాకెట్లూ ఇంకో టైలరుకిస్తే, అతను జ్వరంతో పడుకున్నాడట. సగం కుట్టిన జాకెట్ల మూట మా అరుగు మీద పెట్టి, మీ పిల్లదేగా, కొత్త సంవత్సరానికి కుట్టుకోవచ్చు కదండీ అన్నారు. దానికి పండక్కని చెప్పానండి అన్నాడు నాన్న.

ఆవిడ నవ్వి నావైపు వంగి, ఏమ్మా, నువ్వు మంచిపిల్లవి కదా, ఏమంటావు అని అడిగారు. సరేనండి అనే మాట నా నోటిదాకా వచ్చేసింది, కళ్ళలో నీళ్ళూ వచ్చేశాయి. నాన్న మిషను ఆపాడు.

"దాన్నడగొద్దండి అమ్మగారూ. పెద్దవాళ్ళడిగితే పిల్లలు కాదనలేరు. దీని గౌను అయ్యాక ఎన్నయితే అన్ని జాకెట్లు కుడతాను. అన్నీ అవుతాయని మాత్రం చెప్పలేను."

అన్నీ కాలేదు. పండగనాడు పాడినవాళ్ళలో కొందరు కొత్తజాకెట్లతో, మిగిలినవాళ్ళు పాతవాటితో నిలబడ్డారు. అమ్మ తలవంచుకుని చివరి వరసలో కూర్చుంది. నేను నీలం గౌను వేసుకుని ముందుకెళ్ళి, సగం వాక్యం చెప్పి మిగతా సగం మింగేశాను. అందరూ నా గౌనునే చూస్తున్నారని నాకు సిగ్గేసింది, అంతకంటే ఎక్కువ గర్వంగా అనిపించింది. పాస్టరమ్మగారికి చెప్పిన మాటా నాకు చెప్పిన మాటా మా నాన్నకు ఒకటేనని ఆ రోజే తెలిసింది. ఆవిడ చాన్నాళ్ళు అమ్మతో ముభావంగా ఉన్నారు. అమ్మ ఆ కోపం నాన్నమీద ఇంకా ఎక్కువ నాళ్ళే చూపించింది.

తర్వాత బాపట్లలో టీచరుగా చేరాక నాకూ ఆ జబ్బే అంటుకుంది. పరీక్ష పేపర్లు ఎప్పుడిస్తారు టీచర్ అని అడిగితే, ఏ రోజుకు దిద్దగలనో ఆ రోజే చెప్పేదాన్ని, లేకపోతే నోరు మెదిపేదాన్ని కాదు. మా టీచరు ఊ అంటే అయిపోయినట్టే, కాకపోతే ఊ అనిపించడమే కష్టమని పిల్లలు నవ్వుకునేవాళ్ళు.

నిన్న సాయంత్రం మనవరాల్ని దగ్గర కూర్చోబెట్టుకుని, ఈ ఆదివారం నిన్ను నేనే తీసుకెళతాను, తెనాలిలో రైలెక్కితే బాపట్ల ఎంతలోకి వస్తుంది అన్నాను. మోకాళ్ళ సంగతి ముందే ఆలోచించుకున్నాను, వెళ్ళగలననిపించాకే అన్నాను. అది టీవీ మీంచి చూపు తిప్పకుండా, "చూద్దాంలే నానమ్మా" అంది.

మా చిన్నప్పుడు ఆ మాట పెద్దవాళ్ళు పిల్లలతో అనేవాళ్ళు.