మా అత్త నల్లచీర

మా మేనత్త మంగళవారం నెల్లూరు ఆసుపత్రిలో పోయింది. రెండేళ్లు రక్తం పోతుంటే స్కానింగుకు పంపకుండా సూదులు వేసిన మా ఊరి ఆర్‌ఎంపీది తప్పు. ఆ సూదులను నమ్మి ఊరుకున్న మా అందరిదీ తప్పు. మెత్తగా రాయడం నాకు చేతకాదు.

కృష్ణపట్నం దారిలోని షెడ్డులో రొయ్యల తలలు తీయడం ఆమె పని. పొద్దంతా నిలబడాలి. ఎప్పుడు చూసినా నల్లచీరే.

"ఏందత్తా, ఇంకో చీరే లేదా నీకు?"

"నల్లదైతే మరక కనపడదబ్బయా. నీకెందుకులే, పో."

చర్చిలో చాప చివర, తలుపు పక్కనే కూర్చునేది. పాస్టరు వాక్యం చెప్తుండగా మధ్యలో రెండుసార్లన్నా లేచి ఒంటికి పోవాల్సి వచ్చేది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. పెదవులు పాలిపోయాయి. అన్నీ చూశాం.

పోయినేడు కడుపు ఎత్తుగా కనిపించింది. పెళ్లయిన పద్దెనిమిదేళ్లకు దేవుడు దయచూపాడని సంఘం ఆడవాళ్లు ఆ కడుపు మీద చేతులుంచి స్తోత్రం చెప్పారు. పచ్చి మామిడికాయలు తెచ్చిచ్చారు. ఇంటికొచ్చి వాటిని నా చేతిలో పెట్టింది.

"నెలకు పదిరోజులు పోతానే ఉండాది, కడుపెట్లా అవుద్దిరా? వాళ్ల సంతోషం చెడగొట్టలేక ఊరుకున్నా."

పోర్టు బొగ్గుదుమ్ముకు వ్యతిరేకంగా నేను రాసి పంచే కరపత్రాలను ఆమె మడిచి బైబిల్లో పెట్టుకునేది. "ఇన్ని కాగితాలు రాస్తావే, ఆడోళ్ల బాధ ఒక్కదాంట్లోనూ లేదేం?" అని కూడా ఆ రోజే అడిగింది. సిగ్గుతో తల దించుకున్నాను.

షెడ్డులో కళ్లు తిరిగి పడిపోయాక గానీ స్కానింగు జరగలేదు. పావుగంట పట్టింది. గర్భసంచిలో గడ్డలు.

"ఇవి క్యాన్సర్ కాదమ్మా. ముందే వచ్చుంటే మందులో ఆపరేషనో చేసేవాళ్లం. ఇప్పుడు ఒంట్లో రక్తం లేదు, గుండె అలిసిపోయింది" అంది డాక్టరమ్మ.

అత్త నా వైపు తిరిగి, "పావుగంటేనంట్రా" అంది.

ఆమె అడిగిన కాగితం ఇదే, ఆలస్యంగా. అక్కలారా, అమ్మలారా, నెలసరి వారం దాటినా, ముద్దలు ముద్దలుగా పడినా, పొత్తికడుపు బరువెక్కినా, మాటిమాటికీ మూత్రం వచ్చినా దాచుకోకండి. స్కానింగు, రక్తపరీక్ష అడిగి చేయించుకోండి. సోమవారం పొద్దున ఏడు గంటలకు చర్చి మెట్ల దగ్గరికి రండి. నెల్లూరుకు ఆటోలు మాట్లాడాం. మగవాళ్లూ రండి, తల దించుకోకుండా.

తలుపు పక్కన ఆ చాప చివర ఇంకా ఎవరూ కూర్చోవడం లేదు. నల్లచీర కట్టుకుని వచ్చినవాళ్లను అక్కడ ఒంటరిగా కూర్చోనివ్వం. ఏడు గంటలకు.