గోంగూర మడిలో జామాయిల్ ఆకు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. దానికి తోడు సైన్స్ మాస్టారిని కదా, మట్టి గురించి నాకు తెలియనిదేముందని ఓ ధీమా. పోయినేడాది ఆ రెండూ కలిసి మా బళ్ళో ఒక మనిషిని బాధపెట్టాయి.

మా బడి ముక్త్యాల రోడ్డులో ఉంది. నేల సున్నపు నేల. బడి వెనక మడి చేసి గోంగూర వేద్దామని మధ్యాహ్న భోజనం వండే ఆవిడ పట్టుబట్టింది. పిల్లలకు పప్పులో కాస్త ఆకు పడాలని ఆవిడ కోరిక. హెడ్మాస్టారు సరేనన్నారు గానీ, దసరా సెలవుల్లోగా ఏమీ రాకపోతే అక్కడ సిమెంటు చేయించి సైకిళ్ళు పెట్టిస్తామన్నారు.

ఇక నేను రంగంలోకి దిగాను. మడి మట్టి కలిపిన నీళ్ళలో ఎర్ర లిట్మస్ నీలమైంది. పక్క తోటలో రాలిన జామాయిల్ ఆకు నానేసిన నీళ్ళలో నీలం లిట్మస్ ఎర్రబడింది. ఇంకేం, క్షారానికి ఆమ్లం విరుగుడని పాఠం చెప్పేసి, పిల్లల చేత బస్తాల కొద్దీ ఆ ఆకు తెప్పించి మడినిండా పరిపించాను. ఆవిడ గరిటె పట్టుకుని చూస్తూ నిలబడింది. రెండుసార్లు గింజలు వేసింది. ఒక్క మొలకా రాలేదు.

ఆగస్టు మొదట్లో నందిగామలో మీటింగుకు వెళ్ళి మర్నాడు వచ్చేసరికి మడిలో నా ఆకు లేదు. కానుగ చెట్ల కింద రాలిన ఆకు తెచ్చి ఎవరో మట్టిలో తొక్కేశారు. ఆవిడేనని తెలియగానే, వంట చూసుకోక నీకెందుకీ పెత్తనం అని పిల్లలందరి ముందూ నానా మాటలూ అన్నాను. ఆవిడ తప్పయిపోయిందని పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది.

వానలకు కానుగాకు ఇరవై రోజుల్లో మట్టిలో కలిసిపోయింది. ఆవిడ ఎత్తి గోడవార పోసిన నా జామాయిల్ కుప్ప మాత్రం చెక్కుచెదరలేదు. ఆవిడ మళ్ళీ గింజలు వేస్తే ఐదో రోజుకల్లా మడి పచ్చబడింది. ఆత్రంగా లిట్మస్ ముంచి చూశాను. మళ్ళీ నీలమే. అంటే నేల గుణం మారలేదు. ఇన్నాళ్ళూ గింజల్ని మొలవనివ్వనిది నా ఆకులోని ఘాటు. కానుగాకేమో కుళ్ళి మొక్కకు నత్రజని అందించింది.

సెలవులకు వారం ముందు, మొదటి కోత కోస్తున్న ఆవిడ దగ్గరికి వెళ్ళి, ఈ సంగతి ముందే తెలుసా అని అడిగాను.

"తెలుసండి. జామాయిల్ తోటల్లో కూలికి పోయినదాన్ని. దాని కింద గడ్డి కూడా సరిగా రాదు."

"మరి మొదటిరోజే చెప్పొచ్చుగా అమ్మా?"

"మీరు పాఠం చెప్తన్నారు గదండీ. పిల్లల ముందు మిమ్మల్ని తప్పని ఎట్టా అంటాను?"

పిల్లల ముందు ఆవిడ నా పరువు నిలబెట్టింది. ఆ పిల్లల ముందే నేను ఆవిడ పరువు తీశాను. ఇంత చదువు చదివిన నాకు ఇంత మర్యాద ఎవరూ నేర్పలేదు. ఆవిడను తలుచుకుంటే ఇప్పటికీ దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

ఆ పూటే ఆవిడను తరగతికి పిలిచాను. ఆకు సంగతి నేను తప్పు చెప్పానని, ఆవిడ మీద కేకలేయడం అంతకన్నా పెద్ద తప్పని పిల్లలకు చెప్పి, క్షమించమని ఆవిడను అడిగాను. ఆవిడ గుమ్మంలోనే నిలబడి కొంగుతో చేతులు తుడుచుకుంది. నా వైపు చూడలేదు.

"ఇయ్యాల పప్పులో మన సారు మడి గోంగూరేనర్రా," అంది పిల్లలతో.