మూడు మిల్లీమీటర్ల కొమ్ము

పళ్ళ డాక్టరుగారికి ఉన్న జబ్బు ఒక్కటే. కొత్తగా వచ్చిన దేన్నైనా సరే పాతదాని పక్కన పెట్టి కొలవాలి, కొలిచాక "పాతది ఇలా లేదే" అని పెదవి విరవాలి. ఈ జబ్బుకి ఆయన దగ్గర మందు లేదు, ఆయన భార్య దగ్గర ఓపిక లేదు. కొత్త కళ్ళజోడు వచ్చిన రోజున పాతది పెట్టుకుని కొత్తదాన్ని పరీక్షించారు, కొత్తది పెట్టుకుని పాతదాన్ని పరీక్షించారు, చివరికి రెండూ తీసి బల్ల మీద పెట్టి, ఏదీ సరిగ్గా కనపడకపోయినా పాతదే నయమని తేల్చారు.

జబ్బు బాగా ముదిరింది మాత్రం రాక్షసిబల్లుల దగ్గర. చిన్నప్పుడు మొదటి పన్ను పీకించుకున్న రోజు ఏడవనందుకు వాళ్ళ నాన్న ఓ ప్లాస్టిక్ డైనోసార్ బొమ్మ కొనిపెట్టాడట. నుదుటి మీద రెండు, ముక్కు మీద ఒకటి, మూడు కొమ్ములది. ఆ రోజు నుంచి ఆ కంపెనీ ఏ బొమ్మ విడుదల చేసినా ఆయన కొనవలసిందే. క్లినిక్కులో పేషెంట్లు కూర్చునే గదిలో ఒక గోడంతా అద్దాల బీరువా. పై అరలో పాతవి రాజాల్లా నిలబడి ఉంటాయి, కింది అరల్లో అవే బొమ్మల కొత్త విడుదలలు తప్పు చేసినవాటిలా ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. అందరూ ఆయన్ని బల్లి డాక్టరనేవారు. ఆయన కోప్పడేవారు కాదు. బల్లి వేరు, డైనోసార్ వేరని ఓ అరగంట చెప్పి వదిలేసేవారు.

పార్సిల్ వచ్చిందంటే కుర్చీలో పేషెంటు నోరు తెరుచుకుని ఉన్నా ఆగేవారు కాదు. వెర్నియర్ కాలిపర్స్ తీసి అక్కడే కొలత మొదలు.

"చూడండి, పాతదాని దవడ ఎంత ఠీవిగా ఉందో. కొత్తదాని దవడ జారిపోయినట్టు లేదూ?"

"ఆఁ... ఆఁ..."

"పేషెంటుగారు కూడా ఒప్పుకున్నారు," అని నోటుబుక్కులో రాసుకునేవారు. మత్తు దిగిపోతోంది మహాప్రభో అని మొత్తుకుంటున్నాడు ఆ పేషెంటు.

కొలతయ్యాక కంపెనీకి ఉత్తరం. "మీరు కొత్తగా విడుదల చేసిన వీపు పలకల డైనోసార్ తోక మా దగ్గరున్న పాతదానికంటే రెండు మిల్లీమీటర్లు పొట్టిగా ఉన్నది. ఆ రెండు మిల్లీమీటర్లు ఏమైనవో తెలుపగలరు." కంపెనీ వాళ్ళు పాపం క్షమాపణ చెబుతూ జవాబు రాసేవారు. ఆయన ఆ జవాబుని కూడా పాత జవాబు పక్కన పెట్టి చూసేవారు. "అప్పుడు నాలుగు లైన్ల క్షమాపణ. ఇప్పుడు రెండున్నర. ఎక్కడికి పోతున్నాం మనం?"

అలాంటి చోట కట్టుడుపళ్ళ అమ్మాయి పనికి కుదిరింది. అంతకుముందు ఇరవై రెండేళ్ళపాటు ఆ వెనకగదిలో కట్టుడుపళ్ళు చేసింది పెద్దక్క. మోకాళ్ళ నొప్పులతో ఆవిడ మానేశాక ఈ అమ్మాయి వచ్చింది. మూడు నెలలు చూస్తామన్నారు. అప్పటికే రెండు చోట్ల "చెయ్యి తొందర" అని పంపించేశారు కాబట్టి ఇక్కడ కూడా కాదంటే మరో చోట అడగడానికి ఆమెకి మొహం చెల్లదు. తనకొచ్చిన పని ఇదొక్కటే, అందుకని పళ్ళ సెట్టు చేసిన ప్రతిసారీ గుండె నోట్లోకి వచ్చేది. డాక్టరుగారు దాన్ని తీసుకెళ్ళి పెద్దక్క చేసినదాని పక్కన పెట్టేవారు.

"పెద్దక్క పన్ను ఇలా ఉండేది కాదు."

"ఎలా ఉండేదండీ?"

"ఇలా కాదు."

ఆమె కాంపౌండరు దగ్గర వాపోయేది. "నన్ను ఉంచుకుంటారంటావా బాబాయ్?"

"నేనొచ్చి ముప్ఫై ఏళ్ళయిందమ్మా. నా సంగతే ఇంకా తేల్చలేదాయన."

మూడు నెలలు నిండే వారంలో ఆ ఉపద్రవం వచ్చి పడింది. యాభై ఏళ్ళ తర్వాత కంపెనీ మూడు కొమ్ములదాన్ని మళ్ళీ విడుదల చేసింది. పార్సిల్ మంగళవారం సాయంత్రం వచ్చింది. బుధవారం పొద్దున్నే డాక్టరుగారు పళ్ళ డాక్టర్ల సమావేశానికి వెళ్ళాలి. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. పెళ్ళిచూపులు వాయిదా పడ్డ మనిషిలా గది గుమ్మం దగ్గర రెండుసార్లు వెనక్కి తిరిగారు.

"అమ్మాయ్, పాతదాన్ని కిందికి దించి, దుమ్ము తుడిచి, కొత్తదాని పక్కన పెట్టి ఉంచు. శనివారం మధ్యాహ్నం కొలుస్తాను. జాగ్రత్త."

"అలాగేనండి."

"జాగ్రత్త," అన్నారు మెట్ల మీంచి. వీధిలోకి వెళ్ళాక మళ్ళీ ఫోన్ చేసి ఇంకోసారి అన్నారు.

అన్నిసార్లు జాగ్రత్త అంటే ఎవరికైనా జాగ్రత్త ఎక్కువైపోతుంది. గుడ్డతో తుడిస్తే గీతలు పడతాయేమోనని ఆమె ఆలోచించి, పళ్ళ అచ్చుల మీది పొడిని ఊదేసే గాలిగొట్టం పట్టుకుంది. యాభై ఏళ్ళ ప్లాస్టిక్కు ఆ గాలికి తట్టుకోలేదు. కుడి కొమ్ము ఠప్పున విరిగి, గాల్లో తిరిగి, ప్లాస్టర్ అరగదీసే యంత్రంలో పడింది. యంత్రం తిరుగుతూనే ఉంది. ఆమె స్విచ్చి దగ్గరికి చేరేలోపు కొమ్ము పొడైపోయింది.

ఆమె యంత్రం ఆపి, తనకి తెలిసిన పనే చేసింది. ఎడమ కొమ్ము అచ్చు కుడివైపు పనికిరాదు, వంపు అటుది. అందుకని కొత్త బొమ్మ కుడి కొమ్ముకి, పళ్ళకి అచ్చు తీసే గులాబీరంగు ముద్ద అద్ది అచ్చు తీసింది. అందులో కట్టుడుపళ్ళకి వాడే సరుకు పోసింది. పళ్ళ రంగులు పోల్చే పలక తెచ్చి, రోజుకి పది కప్పులు టీ తాగేవాళ్ళ పంటి రంగు అయితే సరిగ్గా కలుస్తుందని తేల్చుకుని ఆ రంగే వేసింది. అతికించి, మెరుగు పెట్టి, తల ఎత్తేసరికి గుమ్మంలో కాంపౌండరు.

"నేనేమీ చూళ్ళేదు," అన్నాడతను.

"చూశావు బాబాయ్."

"చూళ్ళేదు. కానీ భలే అతికించావు."

గురువారం, శుక్రవారం ఆమెకి తను చేసే ప్రతి పన్నూ కొమ్ములా కనిపించింది. శనివారం పొద్దున ఎందుకో అనుమానం వచ్చి స్కేలు పెట్టి చూసుకుంది. ఎడమ కొమ్ము ముప్ఫై నాలుగు మిల్లీమీటర్లు. కుడిది ముప్ఫై ఒకటి. కొత్త విడుదలలో కంపెనీ కొమ్ములు పొట్టి చేసేసింది. తను తీసింది ఆ పొట్టి కొమ్ము అచ్చు. మళ్ళీ చేద్దామంటే మెట్ల మీద డాక్టరుగారి చెప్పుల చప్పుడు వినిపిస్తోంది.

మధ్యాహ్నం పేషెంట్లు వెళ్ళిపోయాక బల్ల మీద తెల్లగుడ్డ పరిచారు. డాక్టరుగారు చేతులు కడుక్కుని, రెండు బొమ్మల్నీ ఎదురుగా పెట్టుకున్నారు. కాంపౌండరు నోటుబుక్కు పట్టుకున్నాడు. ఆమె ఓ అడుగు ముందుకు వేసింది.

"డాక్టరుగారూ, ఒక్క మాటండీ..."

"కొలిచేటప్పుడు మాట్లాడకూడదు."

తోక కొలిచారు. "పాతది ఇలా లేదే." కాళ్ళు కొలిచారు. "పాతది ఇలా లేదే." ఎడమ కొమ్ము కొలిచి, మూడు మిల్లీమీటర్లు కోసేశారని కంపెనీని తిట్టారు. అప్పుడు కాలిపర్స్ కుడి కొమ్ము మీదికి వెళ్ళింది. కొత్తదాని మీద పెట్టారు. పాతదాని మీద పెట్టారు. మళ్ళీ కొత్తదాని మీద పెట్టారు. కాంపౌండరు నోటుబుక్కు వెనక దాక్కున్నాడు.

"రాసుకో," అన్నారు డాక్టరుగారు. "కుడి కొమ్ము. తేడా లేదు."

తేడా లేదన్న మాట ఆ నోట రావడం ముప్ఫై ఏళ్ళలో కాంపౌండరు ఎన్నడూ వినలేదు. కలం కింద పడేసుకున్నాడు. తప్పించుకోడానికి ఆ అమ్మాయికి అదే దారి, మెదలకుండా నిలబడితే చాలు. కానీ ఆ అబద్ధం పక్కన నిలబడడం కొమ్ము విరగడం కంటే కష్టంగా ఉంది.

"తేడా ఉండాలండీ. నేనే విరగ్గొట్టాను. అది నేను చేసిన కొమ్ము," అని ఒక్క ఊపిరిలో చెప్పేసింది.

"తెలుసు," అన్నారాయన. "గుమ్మంలోంచే తెలిసింది. మా నాన్న కొన్న బొమ్మ ఎప్పుడూ టీ తాగలేదు."

ఆయన లేచి అద్దాల బీరువా తెరిచారు. పై అరలోంచి వీపు పలకలదాన్ని తీసి ఆమె చేతిలో పెట్టారు. "తోక చూడు." ఆమె గోటితో తడిమింది. తోక మధ్యలో సన్నటి అతుకు. అక్కణ్ణుంచి చివరిదాకా అచ్చం తను రోజూ కలిపే సరుకే.

"పెద్దక్క. చేరిన మొదటి నెల. రెండు మిల్లీమీటర్లు పొడుగు చేసింది."

ఆమె తోక మీంచి తల ఎత్తింది. "మరి ఆ రెండు మిల్లీమీటర్లు ఏమయ్యాయని కంపెనీకి ఉత్తరాలు రాశారు కదండీ?"

"మరేం చెయ్యమంటావ్? కొలిచేటప్పుడు పెద్దక్క పక్కనే నిలబడేది. నీ తోకే తప్పని మొహం మీద అంటే మర్నాడు మానేసేది. పళ్ళు బ్రహ్మాండంగా చేసేది మనిషి. తోకలే అంత రావు."

కాంపౌండరు పగలబడి నవ్వాడు. "పెద్దక్క కూడానా?"

"నువ్వు నవ్వకు," అన్నారు డాక్టరుగారు. "పొడుగు మెడదాని మెడ, రెండు చోట్ల అతుకు. జిగురు ఎక్కువ పెట్టావు."

కాంపౌండరు నవ్వు ఆపి, దగ్గర్లో ఉన్న పేషెంటు కుర్చీలో కూర్చున్నాడు. ఇరవై ఏళ్ళుగా ఆ మెడ వైపు చూడాల్సివచ్చినప్పుడల్లా అతను కిటికీ వైపు చూసేవాడు.

"మీకు తెలుసని ఆవిడకి తెలుసా అండీ?" అని అడిగింది అమ్మాయి.

"తెలీదు. నువ్వు చెప్పకు. ఇరవై రెండేళ్ళు దాచింది, ఇప్పుడు తెలిస్తే మోకాళ్ళ నొప్పి ఎక్కువవుతుంది." ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఆవిడ చెప్పలేదు. వీడూ చెప్పలేదు. నువ్వు మూడు రోజుల్లో చెప్పేశావు. ఈ ఒక్క విషయంలో పాతవాటికంటే కొత్తదే నయం."

కాంపౌండరు ఆ మాట నోటుబుక్కులో రాయాలా వద్దా అని ఆయన మొహం కేసి చూశాడు. రాయమని ఆయన తల ఊపారు. ఆమెకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి, ఏది ముందు కానివ్వాలో తెలియక కొంగుతో మొహం తుడుచుకుంది.

డాక్టరుగారు మూడు కొమ్ములదాన్ని ఆమె వైపు జరిపారు. "కుడిది మూడు మిల్లీమీటర్లు తక్కువుంది. సరిచెయ్."

"ఇవాళ్టితో నా మూడు నెలలు అయిపోతాయండీ," అంది ఆమె నెమ్మదిగా.

"ఇవాళ చెయ్యమని ఎవరన్నారు? సోమవారం వచ్చి చెయ్," అంటూ ఆయన చేతులు కడుక్కోడానికి వెళ్ళిపోయారు.