మా బావ తిట్టి పంపిన పేజీలు

మా బావ ఈ లోకంలో ఎవరినైనా క్షమిస్తాడు గానీ, ప్రింటుకు సిద్ధమైన పేజీని కంప్యూటర్ తెర మీంచి ఫోనుతో ఫొటో తీసేవాణ్ణి మాత్రం క్షమించడు. అలాంటివాడికి పిల్లనివ్వకూడదనీ, ఇల్లు అద్దెకివ్వకూడదనీ, మరీ దాహమంటే మంచినీళ్లు మాత్రం ఇవ్వొచ్చనీ ఆయన అభిప్రాయం.

మేమిద్దరం ఒకే ప్రెస్సులో పనిచేస్తాం. నేను ముందు గదిలో కౌంటరు దగ్గర కూర్చుని వచ్చినవాళ్లతో నవ్వుతూ మాట్లాడతాను. ఆయన వెనక గదిలో కూర్చుని, నేను నవ్వుతూ మాట్లాడి పంపినవాళ్లను తిడతాడు. పేజీలన్నీ సర్ది ప్రింటుకు సిద్ధం చేసిన పీడీఎఫ్ ఫైలు చాలామంది ఫోన్లలో సరిగ్గా తెరుచుకోదు. బొమ్మల్లాగా పంపితే చూసుకుంటామంటారు. ఇంకెవరైనా అయితే నాలుగు నొక్కులు నొక్కి పంపేస్తారు. మా బావకు మౌసంటే గిట్టదు. నల్ల తెర ఒకటి తెరిచి, రెండు చూపుడు వేళ్లతో కమాండు టైపు చేస్తాడు. ఫలానా ఫైలు, ఫలానా పేజీ నుంచి ఫలానా పేజీ దాకా, అంగుళానికి మూడు వందల చుక్కలు, ఫలానా పేరుతో బొమ్మలుగా మార్చు అని టైపు చేస్తున్నంతసేపూ పైకి చదువుతాడు. వింటే కంప్యూటరుకు పని చెబుతున్నట్టుండదు, గోడకుర్చీ వేయిస్తున్నట్టుంటుంది.

చుక్కలు తగ్గిస్తే ఏం కొంప మునుగుతుందని ఒకసారి ఓనరు అడిగాడు. అడక్కుండా ఉండాల్సింది. బావ ఆయన్ని కుర్చీలో కూలేసి ఒత్తుల గురించి మొదలుపెట్టాడు. తక్కువ చుక్కలతో తీస్తే ముందు పోయేది ఒత్తులేనట. పైనున్న అక్షరం ఎలాగో బతికి బట్టకడుతుంది గానీ, కింద వేలాడే ఒత్తు మసకబారి మచ్చైపోతుందట.

"అక్షరానికి బరువిచ్చేదే అదండీ. దాన్నే చంపుతారా?" అని బావ కళ్లెర్రజేస్తే, ఓనరు హత్యానేరం మీద దొరికినవాడిలా తలొంచుకున్నాడు.

ఇంట్లోనూ ఇదే వరస. అక్క ఓ రోజు కంప్యూటర్లో కరెంటు బిల్లు తెరిచి, పక్కింటావిడకు చూపిద్దామని ఫోనుతో ఫొటో తీసింది. బావ కంచం ముందు నుంచి లేచిపోయాడు. బిల్లును కమాండుతో బొమ్మగా మార్చి, పక్కింటావిడకు పంపి, ఆవిడ అందిందన్నాకే మళ్లీ వచ్చి కూర్చున్నాడు. పెళ్లి ఫొటోలు కూడా ఈయన ఇంత పట్టింపుగా తీయించలేదని అక్క నా దగ్గర వాపోయింది.

అంత పట్టింపు మనిషి పొరపాటు చేయడా అంటే, చేస్తాడు. ఒక నిఘంటువును బొమ్మలుగా మారుస్తూ చుక్కల అంకె పక్కన సున్నా ఒకటి ఎక్కువ కొట్టాడు. ఒక్కో పేజీ గోడంతైంది. అందరం వాడుకునే డిస్కు నిండిపోయి ప్రెస్సులో కంప్యూటర్లన్నీ బిగుసుకుపోయాయి. మేమంతా ఆయన వంక చూస్తే, ఆయన కంప్యూటరు వంక చూశాడు. మనిషన్నాక ఏదో అంటాడు, అన్నదల్లా చేసెయ్యడమేనా, దానికి బుద్ధుండక్కర్లేదా అని సాయంత్రం దాకా దాన్ని ఏకిపారేశాడు.

ఇవన్నీ నేను నవ్వుతూ భరించాను. నాకు ఒళ్లు మండింది మాత్రం కండక్టరుగారి విషయంలో.

బస్సు కండక్టరుగా రిటైరైన ఆయన, ఉద్యోగంలో చూసిన తమాషాలన్నీ రాసి మా దగ్గర అచ్చుకిచ్చాడు. తీరా ప్రూఫు చూసుకునే వేళకు కంట్లో శుక్లాలకు ఆపరేషనైంది. పాపం, నల్లద్దాలు పెట్టుకుని ప్రెస్సుకొచ్చాడు. తన పాత ఫోనులో ఫైలు తెరుచుకోవడం లేదన్నాడు. వెనక గదికి తీసుకెళ్లాను. తెర మీద పేజీలను ఫొటోలు తీసుకెళ్లి ఇంట్లో మెల్లగా చూసుకుంటానని మర్యాదగా చెప్పి, ఫోను పైకెత్తాడు.

"మీ పుస్తకాన్ని మీరే మసకచేసుకుంటారా? ముందు ఆ ఫోను జేబులో పెట్టి ఇంటికెళ్లండి," అన్నాడు బావ.

పెద్దాయన ఫోను జేబులో పెట్టుకుని, గోడ తడుముకుంటూ వెళ్లిపోయాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. కళ్లు కనిపించని మనిషి మీద నోరు పారేసుకోవడానికి మనసెలా వచ్చిందని నిలదీశాను. బావ తల తిప్పలేదు. నల్ల తెర మీద ఏదో టైపు చేసుకుంటూ కూర్చున్నాడు. ఆ పూట నుంచి ఆయనతో కలిసి టీ తాగడం మానేశాను. సంగతి విని అక్క కూడా మాటలు మానేసింది. అయినా ఆయనకు చీమ కుట్టినట్టయినా లేదు.

చివరికి మా ఇంటి తరఫున నేనే క్షమాపణ చెబుదామని కండక్టరుగారింటికి వెళ్లాను. ఆయన వరండాలో కూర్చుని, ఫోను ఎదురుగా అడ్డంగా పట్టుకుని, తన తమాషాలకు తనే పడిపడి నవ్వుతున్నాడు. ఫోనులో తొంగిచూస్తే నాలుగే నాలుగు లైన్లున్నాయి. అక్షరాలు బొటనవేలంత లావున, ఒత్తులతో సహా నిగనిగలాడుతున్నాయి. బావ ఒక్కో పేజీని అడ్డంగా ముక్కలు చేసి, ముక్కకో బొమ్మ తీసి, వరస తప్పకుండా రోజూ పంపుతున్నాడట.

"మీ బావగారు పొద్దున్నే ఫోన్ చేసి తిడతారండీ," అన్నాడు పెద్దాయన సంబరంగా. "కంట్లో మందు వేసుకోకపోతే తిడతారు, చెప్పినదానికంటే ఎక్కువ చదివితే తిడతారు. సర్వీసులో ఉన్నన్నాళ్లూ బస్సంతా నన్ను తిట్టేది. రిటైరయ్యాక పట్టించుకున్నవాడే లేడు. ఇప్పుడు మళ్లీ ప్రాణం లేచొచ్చింది."

నేను తిన్నగా ప్రెస్సుకు వెళ్లి, ఈ సంగతి ముందే చెప్పొచ్చుగా అని అడిగాను. బావకు నిజంగానే కోపమొచ్చింది.

"ఆయన నోట్లో మాట దాగదా? నేను పంపింది పేజీలు చూసుకోమని గానీ, ఊరంతా చాటమని కాదు."

పెద్దాయన ఊరంతా చాటనే చాటాడు. తన ఈడువాళ్లందరికీ బావ నంబరిచ్చాడు. ఇప్పుడు వెనక గదిలో ఫోను ఊపిరి తిప్పుకోవడం లేదు. పెన్షను కాగితాలు, రక్తపరీక్షల రిపోర్టులు, మనవరాలి మార్కులు, అన్నీ పెద్దక్షరాలతో కావాలి. నిన్న ఒక పెద్దావిడ ఫోన్ చేసినట్టుంది. రిపోర్టును తెర మీంచి ఫొటో తీయాలనుకున్నందుకు బావ ఆవిణ్ణి తలుపులదిరేలా కేకలేశాడు. తర్వాత గొంతు తగ్గింది. ఏం జరిగిందోనని నేను తలుపు దగ్గర చెవి పెట్టాను.

"సర్లెండి, ఆపరేషను ఏ కంటికి?" అంటున్నాడు. "ఎడమకా? మరి ఫోను ఏ చేత్తో పట్టుకుంటారు?"