అవ్వంటే అమ్మ అనుకున్నాడు

నేను ధర్మవరంలో పట్టుచీరలకు ఫాల్స్ కుడతాను, కొంగులకు కుచ్చులు వేస్తాను. ఈ పనిలో చేతులకు తీరిక ఉండదు గానీ చెవులకు బోలెడంత తీరిక. కొన్నేళ్లుగా నా చెవుల్ని నింపుతున్నది హిందూపురం రాక్ బ్యాండు ఒకటి. నలభై దాటిన ఆడమనిషి కొంగు నడుముకు దోపుకుని, డ్రమ్ములూ గిటార్లూ మోగిపోతుంటే కుచ్చులు ముడి వేస్తూ కూర్చోవడం మా వీధివాళ్లకు వింతగా ఉంటుంది. చీర ఇవ్వడానికి వచ్చిన ఒకామె, "ఏమక్కా, ఈ రచ్చలో సూది యాడ గుచ్చుతాండావో నీకు తెలుస్తాదా?" అని అడిగింది. ఆ రచ్చ లేకపోతేనే నాకు పని సాగదని చెప్పాను. ఆమె నమ్మలేదు.

ఆ బ్యాండులో నలుగురు కుర్రాళ్లు. పాడే అబ్బాయిది పెనుకొండ, తక్కిన ముగ్గురిదీ హిందూపురం. మేం ఇంట్లో మాట్లాడుకునే మాటల్లోనే పాడతారు. యాడ, ఈడ, ఉండాది అనే మాటల్ని కరెంటు గిటార్ మీద మొదటిసారి విన్నప్పుడు నాకు ముందు నవ్వొచ్చింది. తర్వాత అవ్వ మీద పాట విన్నాను. సాకిన అవ్వ చనిపోయాక మనవడు ఇంటికొచ్చి ఖాళీ వంటింట్లో కూర్చుంటాడు. 'అవ్వా, నీ ముద్ద ఇంకా ఉడుకుగానే ఉండాది' అని పల్లవి. రాగి సంగటి ముద్దను ఊది, అరచేతిలో ఆర్చి నోట్లో పెట్టిన అవ్వ ఉన్నవాళ్లకు ఆ ఒక్క ముక్క చాలు.

నాకు అలాంటి అవ్వ ఉండేది. మేం ముస్లింలమే గానీ మా ఇంట్లో మాట్లాడేది తెలుగే, నాయనమ్మను అవ్వా అనే పిలిచాం. ఆమె పోయినప్పుడు వచ్చినవాళ్లకు చాయ్ ఇవ్వడంతోనే సరిపోయింది, నాకు ఏడవడానికి కుదరలేదు. ఈ పాట వచ్చాక కుట్టుమిషన్ ముందు కూర్చుని తీరిగ్గా, తృప్తిగా ఏడ్చాను. అందుకే ఆ కుర్రాళ్ల మీద నాకున్నది అభిమానం కంటే కృతజ్ఞతే ఎక్కువ.

మా అభిమానులకు ఒక వాట్సాప్ గ్రూపుంది. దాన్ని నడిపేది పెనుకొండలో ఉండే జూనియర్ కాలేజీ లెక్చరర్. ఆయన కాలేజీలో ఫిజిక్స్ చెబుతాడు, గ్రూపులో బేస్ గిటార్ గురించి అంతకంటే ఎక్కువ చెబుతాడు. అందరికంటే గట్టిగా అరిచేది హిందూపురంలో గార్మెంట్ ఫ్యాక్టరీకి వెళ్లే ఒక అమ్మాయి. ఎవరైనా మన బ్యాండును ఒక మాటంటే ఆమె పది మాటలంటుంది. హైదరాబాదులో ఒక పెద్ద యూట్యూబ్ ఛానెల్ వాళ్లు మన కుర్రాళ్లను ఇంటర్వ్యూ చేస్తున్నారని తెలిసినప్పుడు మా గ్రూపులో పండగైంది. వీడియో వచ్చిన ఆదివారం మధ్యాహ్నం నేను అంగడి తలుపు సగం మూసి, సూది పక్కన పెట్టి కూర్చున్నాను.

యాంకర్ మంచి చొక్కా వేసుకున్నాడు. దాని మీద పెట్టిన శ్రద్ధలో కాస్త పాటల మీద పెట్టినా బాగుండేది. మొదటి ప్రశ్న బేస్ గిటార్ అబ్బాయికి. "బ్రో, నీ గిటార్‌కి నాలుగే తీగలున్నయ్, రెండు తెగిపోయినయా?" బేస్ గిటార్‌కు ఉండేవే నాలుగు. అంతవరకు ప్రతి నిమిషం ఏదో ఒకటి రాస్తున్న లెక్చరర్ సార్ గ్రూపులో ఒక్కసారిగా మూగపోయాడు. తర్వాత యాంకర్, హిందూపురం కర్ణాటకలో ఉంది కదా, తెలుగులో పాడాలని ఎందుకనిపించింది అని అడిగాడు. "కర్ణాటక పక్కనే సార్, మేముండేది మాత్రం ఆంధ్రాలోనే" అని డ్రమ్మర్ చాలా మర్యాదగా చెప్పాడు. మేం పళ్లు కొరుక్కుంటూ చూస్తూనే ఉన్నాం.

ఆ తర్వాత అవ్వ పాట దగ్గరికొచ్చాడు. ఫోన్‌లో ఏదో చూసుకుని, గొంతు తగ్గించి, "అన్నా, ఈ పాట విని నేను ఏడ్చిన. మీ అవ్వ ఎప్పుడు పోయింది?" అన్నాడు.

"నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు సార్" అన్నాడు పాడే అబ్బాయి.

"అంత చిన్న వయసుల, తల్లి లేకుండ ఎట్ల పెరిగినవ్ అన్నా?"

పాడే మా అబ్బాయి నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు. ఎవరి తల్లి గురించి అడుగుతున్నాడో అతనికి అర్థం కాలేదు. పక్కనున్న డ్రమ్మర్‌కు కంగారులో నవ్వొచ్చింది. యాంకర్ అదేమీ పట్టించుకోకుండా, "మరి మీ నాయిన మళ్ల పెళ్లి చేసుకున్నడా?" అన్నాడు. "లేదు సార్" అన్నాడు మా అబ్బాయి. అది నిజమే, భార్య ఇంట్లో ఉండగా ఆ మనిషి మళ్లీ ఎందుకు చేసుకుంటాడు? ఆ మాట మీదే విషాదపు సంగీతం వేసి ప్రకటనకు వెళ్లిపోయారు. తర్వాత కుర్రాళ్లు అంతా వివరించి చెప్పారట గానీ అది ఎడిటింగ్‌లో పోయింది.

ఇక చూడండి మా గ్రూపును. హిందూపురం అమ్మాయి వీడియో కింద కామెంట్ల మీద కామెంట్లు పెట్టింది. నాకు టైపు చేయడం చేతకాక ఫోన్‌లో నోటితో చెప్పాను. నేను "నీ మొగం మండ" అంటే అది "నీ మొగం ముందా" అని రాసింది. అర్థం లేకపోయినా దానికి బోలెడు లైకులొచ్చాయి. లెక్చరర్ సార్ చదివింది వరంగల్‌లో. ఆ వైపు ఊళ్లలో అవ్వంటే అమ్మేనని, ఆ యాంకర్ తనకు తెలిసిన మాటే కదా అనుకుని ఇంకేమీ అడిగి ఉండడని నిదానంగా వివరించాడు. మేం వినే స్థితిలో లేము. ఒక్క ఫోన్ కొట్టి కనుక్కోవడానికి ఏమొచ్చింది అని ఆయన మీదే పడ్డాం.

అంతటితో ఆగినా పోయేది. 'తల్లి లేని బిడ్డ రాక్ స్టార్ అయ్యాడు' అని పేరు పెట్టి, వెలిగే దీపం బొమ్మ పక్కన పాడే అబ్బాయి ముఖం అతికించి, ఆ ముక్కను విడిగా వదిలారు. అది ఊరూరా తిరిగింది. కొందరు జాలిపడ్డారు, కొందరు వెక్కిరించారు. ఇంటర్వ్యూ చూసి వాళ్లమ్మ ఏడ్చిందని మాకు తెలిసింది. మరుసటి రోజు బ్యాండు పేజీలో చిన్న ప్రకటన వచ్చింది: అమ్మను బాధపెట్టిన పాట ఇక పాడము, రాబోయే హిందూపురం కచేరీలో కూడా పాడము, క్షమించండి.

ఆ కచేరీ కోసం నేను ఎన్నాళ్లుగానో ఎదురుచూస్తున్నాను. ఫోన్‌లో కాకుండా, మనుషుల మధ్య నిలబడి ఆ పాటను ఒక్కసారి వినాలన్నది నా కోరిక. అది చదివాక ఆ పూట కుచ్చులన్నీ వంకరగా వచ్చాయి, విప్పి మళ్లీ వేయాల్సి వచ్చింది.

వాళ్లమ్మను ఒకసారి చూసొద్దామని గ్రూపులో అన్నది నేనే. మేమందరం కలిసి 'వాళ్లమ్మ బతికే ఉంది' అని కామెంట్లలో అంత అరిచి, ఆమె చావు మాటను ఇంకా నాలుగు ఊళ్లకు చేర్చాం కదా. లెక్చరర్ సార్‌కు ఇల్లు తెలుసు. నేను ధర్మవరం నుంచి, ఆ అమ్మాయి హిందూపురం నుంచి రైల్లో పెనుకొండకు చేరాం. చనిపోని మనిషిని పరామర్శించడానికి ఏం తీసుకెళ్లాలో ముగ్గురికీ తెలియలేదు. చివరికి కనకాంబరాలు, అరటిపండ్లు తీసుకున్నాం.

ఆమె గడప మీద కూర్చుని చెనక్కాయలు ఒలుస్తోంది. లెక్చరర్ సార్ మేమెవరమో చెప్పగానే, "చూసేకి వచ్చినారా? బతికే ఉండాన్లే, కూర్చోండి" అంది. మా ముఖాలు చూసి ఆమెకే నవ్వొచ్చింది.

"ముదిగుబ్బ నుంచి మా చెల్లెలు బస్సు దిగి, ఆడ్నుంచే ఏడ్చుకుంటా వచ్చె. నేను ఈడే కూర్చోని చెనక్కాయలు ఒలుస్తాంటి. నన్ను జూసి ఇంగా గట్టిగా ఏడిచె. ఫోన్ జేసి అడిగి రాకూడదా మే అంటే, సచ్చినోళ్లకు ఫోన్ ఎట్ల జేసేది అనె."

హిందూపురం అమ్మాయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. లెక్చరర్ సార్ మాత్రం సీరియస్‌గా క్షమాపణ మొదలుపెట్టాడు. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. "ఉండే మనిషిని పోయిందన్నారంటే ఆయుస్సు పెరుగుతాది సార్. నాకేదో గండం ఉన్నింటాది, పోయె."

"మరి మీకు బాధయిందని ఆ పాట పాడనంటున్నాడు కదమ్మా" అన్నాను నేను.

ఆమె చేతులు ఆగాయి. "నాకు బాధని వానికి ఎవురు చెప్పినారు?"

"ఏడ్చినారంట కదా."

"ఏడిస్తి. బాధకు గాదు పాపా." చేటలో ఉన్న గింజల్ని కాసేపు ఊరికే సర్దింది. "వాడు పుట్టినప్పట్నుంచి నేను హిందూపురంలో ఫ్యాక్టరీకి పోతాంటి. తెల్లార్తోనే రైలెక్కితే మళ్ల చీకటి పడినాకే వచ్చేది. వాన్ని సాకింది మా అత్త. ముద్ద తినిపిచ్చింది ఆమె. పాట ఆమెకే రావల్ల, అది న్యాయం. అది ఇన్నప్పుడంతా మా అత్త అదృష్టం అనుకుంటాంటి. అంతకంటే ఏమీ అనుకోలే. ఆ టీవీ పిల్లోడు ఉండాడే, వాడు ఒక్కడే ఆ పాట నాదనుకున్యాడు. ఆ కొంచేపు, నా కొడుకు నా మీద పాట కట్టినట్ల ఉండె. దానికి సచ్చిపోయుండల్ల అంటే, ఒక పూట సచ్చిపోయినా పరవాలేదులే."

కామెంట్లలో నిప్పులు కక్కిన ఆ అమ్మాయి ఆమె పక్కన కూర్చుని చెనక్కాయలు ఒలవడం మొదలుపెట్టింది. నేను కూడా కూర్చున్నాను. ఆ యాంకర్ మీద నాకున్న కోపమంతా ఆ గడప మీదే పోయింది. అతను బాగా తయారై వచ్చి ఉంటే, అవ్వంటే ఎవరో ముందే కనుక్కుని ఉంటే, ఈ తల్లికి ఆ కొంచెంసేపు కూడా దక్కేది కాదు. ఎక్కడున్నాడో ఏమో, చల్లగా ఉండాలి అనుకున్నాను, నిజంగానే అనుకున్నాను.

లేచేటప్పుడు ఆమె, "వాన్ని పాడమని చెప్పండి. పాడకుంటే మా అత్తకు అన్యాయం చేసినట్ల. ఇంగేమీ చెప్పొద్దండి, పాట అడుక్కోకూడదు" అంది. లెక్చరర్ సార్ మాట ఇచ్చాడు. ఆయన మాట ఇచ్చాడు గానీ నేను ఇవ్వలేదు. స్టేషన్‌కు వచ్చాక ఆయన దగ్గర ఆ అబ్బాయి నంబరు తీసుకుని, ఆయన వద్దంటున్నా వినకుండా, ఆమె అన్న ప్రతి మాటా అతనికి చెప్పేశాను. నా నోట్లో మాట దాగదని మా ఇంట్లో అందరూ అంటారు. ఆ రోజు మాత్రం అలాంటి నోరిచ్చినందుకు అల్లాకు దండం పెట్టుకున్నాను. అతను చివరిదాకా విన్నాడు. తర్వాత "సరే అక్కా" అని పెట్టేశాడు.

రైల్లో కూర్చున్నాక నాకు మా అవ్వ పెట్టిన ముద్ద గుర్తొచ్చింది, ఆ ముద్దకు రాగిపిండి తెచ్చిచ్చిన మనిషి కూడా గుర్తొచ్చింది. మా అమ్మ కూలికి పోయి తెచ్చిన పిండి అది. తాడిమర్రిలో ఉన్న అమ్మకు ఫోన్ చేశాను. ఏం మాట్లాడాలో తెలియక "తిన్యావామా?" అన్నాను. "ఏమైంది నీకు? ఒళ్లు బాగుండాదా?" అని ఆమె భయపడింది. బాగుండాదని చెప్పి, ధర్మవరం వచ్చేదాకా ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉన్నాను.

కచేరీ సాయంత్రం హిందూపురంలో మైదానం నిండింది. వాళ్లమ్మను ముందు వరసలో కుర్చీ వేసి కూర్చోబెట్టాం. నేను పక్కన కూర్చుని, డ్రమ్ముల మోతకు చెవుల్లో పెట్టుకోమని దూది ఇచ్చాను. ఆమె తీసుకుంది గానీ పెట్టుకోలేదు. కుర్రాళ్లు స్టేజీ ఎక్కగానే జనం అంతా ఒక్క గొంతుతో, "రెండు తీగలు తెగిపోయినాయా?" అని అరిచారు. బేస్ గిటార్ అబ్బాయి నవ్వి నాలుగు వేళ్లు ఎత్తి చూపించాడు. లెక్చరర్ సార్ కుర్చీ మీదికెక్కి ఈలేశాడు. ఆయన కాలేజీ పిల్లలు చూసుంటే నమ్మి ఉండరు.

పాటలన్నీ అయ్యాయి. అవ్వ పాట రాలేదు. నేను ఆమె వైపు చూడలేకపోయాను. అప్పుడు పాడే అబ్బాయి మైకు దగ్గరికి ఒక్కడే వచ్చాడు.

"ఈ పాట ఎవరి మీదనో తెలీక హైదరాబాదులో నన్ను ఏమేమో అడిగినారు. ఆ పొద్దు నాకు జవాబు రాలేదు. ఇప్పుడు చెప్తాండా. మాయమ్మ మీద."

యాంకర్‌ను ఎగతాళి చేస్తున్నాడనుకుని జనం పగలబడి నవ్వారు, ఈలలు వేశారు. అతను నవ్వలేదు. ముందు వరసలో ఉన్న మనిషినే చూస్తున్నాడు. గిటార్ మొదలైంది. జనమంతా 'అవ్వా' అని అందుకున్నారు.

ఆమె నా వైపు వంగి, "అబద్ధం చెప్తాండాడు చూడు పాపా, ఇంతమందిలో" అంది. ముఖమంతా తడిసిపోయి ఉంది. దూది ఇంకా పట్టుకునే ఉన్న చేత్తో నా చెయ్యి పట్టుకుంది, పాట అయిపోయేదాకా వదల్లేదు.