రెండో ఏరు

కొంచెం ఇటు జరిగి కూచోండి, ఫ్యాను గాలి ఇక్కడికే వస్తుంది. నిన్న మా మామా మనవరాలు నాకొక ఫోటో చూపించింది. మామా అంటే మేనమామ కాదు, ఇక్కడ కువైట్లో ఇంటి యజమానురాలిని అలాగే పిలుస్తాం. ఆ అమ్మాయి సెలవలకు ఎక్కడికి పోవాలా అని ఫోనులో ఊళ్ళు చూస్తోంది. కొండ మీద తెల్లటి చర్చి, కింద ఏరు, ఒడ్డున కిక్కిరిసిన పాత మిద్దెలు. "ఏ ఊరమ్మా?" అంటే "లియాన్, ఫ్రాన్సు" అంది. టీ గ్లాసు పక్కన పెట్టి, ఫోను దగ్గరికి తీసుకుని చూశాను. నేనా ఊరు ఎన్నడూ చూడలేదు. అయినా ఒక సాయంత్రం ఈ సల్వా పేటలో, ఈ గేటు దగ్గరే నిలబడి, ఆ ఊళ్ళో తప్పిపోయాను.

మా చిన్నమ్మ కూతురు ఇదే వీధిలో ఇంకో ఇంట్లో పనిచేసేది. ఫోనులు దారి చూపించని రోజులవి. ఆ ఎండాకాలం వాళ్ళ మామా కుటుంబం లియాన్‌లో ఇల్లు అద్దెకు తీసుకుని, చిన్నపాపను చూసుకోవడానికి దీన్నీ వెంట తీసుకుపోయింది. అప్పుడప్పుడూ ఫోను చేసి వింతలు చెప్పేది. అక్కడ కొండ ఎక్కడానికి తాడు కట్టి లాగే రైలుందట. ఒక ఇంటి వాకిట్లో దూరి, మెట్లు దిగి, ఇంకెవరి పెరట్లోంచో పోతే వేరే వీధిలో తేలతారట. వెనకటికి పట్టు నేసేవాళ్ళు మూటలు వానకు తడవకుండా అలా మోసుకుపోయేవాళ్ళట. "ఆ ఇంటోళ్ళు తిట్టరా?" అని నేనడిగితే పగలబడి నవ్వేది. "నాకేం బయం లేదక్కా, ఇంటి ముందరే ఏరు. ఏటెంబడి నడిస్తే ఇల్లొచ్చేస్తాది" అనేది. మా కడప పక్క ఏరంటే ఒకటే. అందులో నీళ్ళు కనబడితే జనం పనులు మానుకుని చూడబోతారు.

ఒకరోజు సాయంత్రం అసర్ నమాజు వేళ నేను చేపలు కడుగుతుంటే ఫోను మోగింది. "అక్కా, ఏరుండాది గానీ ఇల్లు లేదక్కా!" అని ఒకటే ఏడుపు. పాపను పిల్లల తోపుడుబండిలో కూచోబెట్టుకుని వంతెన దాటి, బజార్లో తిరిగి, ఏరు కనబడగానే ఒడ్డు పట్టుకుని నడుస్తూనే ఉందట. కొండ లేదు, చర్చి లేదు. వాళ్ళ మామా అక్కడ కొత్త సిమ్ వేసుకుంది, ఆ నంబరు దీనికి తెలియదు. పాసుపోర్టు వాళ్ళ దగ్గరే ఉంది. "బిడ్డనెత్తకపోయిందంటారక్కా, జైల్లో ఏస్తారు!" అంది. చేపల చేతులతోనే గేటు దగ్గరికి పరుగెత్తాను.

పక్కింటి డ్రైవరు కారు కడుగుతున్నాడు. కోనసీమ మనిషి, నోరు తెరిస్తే "ఆయ్", మూస్తే "అండి". మేమంతా ఎగతాళి చేసేవాళ్ళం. ఫోను స్పీకరులో పెట్టాను.

"అమ్మా, ముందు ఏడుపాపండి. ఎన్ని వంతెనలు దాటేరు?"

"ఒకటేన్నా."

"మీ ఇంటి ముందు నీళ్ళెలా ఉంటాయండి?"

"పచ్చగా, నిద్దరపోయినట్టు."

"మరక్కడ?"

ఒడ్డు మీదనుంచి తొంగి చూసినట్టుంది. "ఉరకతా ఉండాయన్నా."

"ఆయ్, అయితే అది ఇంకో నదండి! మీరు రెండిటి మధ్యనున్నారు, మా లంకలో ఉన్నట్టు. దాని మీద వంతెనెక్కకండి. దాన్ని వెనకేసుకుని తిన్నగా నడవండి, మీ ఏరు తగిలేదాకా."

"నువ్వా ఊరు చూసినావా అన్నా?" అని గదిమాను.

"లేదండి. అటో గోదారి, ఇటో గోదారి, మధ్యలో మా ఊరండి."

"అన్నా, ఈ సందులోనుంచా..." అంటుండగానే దాని ఫోనులో డబ్బులైపోయి మాట తెగింది.

తిరిగి చేస్తే మోగలేదు. ఇంట్లోంచి మామా "యల్లా, తొందరగా! చేపలేవి?" అని కేకలు. ఆయన కడిగిన కారునే మళ్ళీ కడుగుతున్నాడు. ఉన్నట్టుండి, "నా మాట తప్పయితే?" అన్నాడు. ఆ మాటకు ముందు "ఆయ్" లేదు, వెనక "అండి" లేదు. తెలియని ఊళ్ళో పసిబిడ్డతో ఉన్న ఆడపిల్లను, చూడని మనిషి చెప్పిన దారిలోకి పంపినదాన్ని నేనే.

తెలియని నంబరునుంచి ఫోను. "చేరినామక్కా. ఇది మా మామా ఫోను. మన ఏరు కనపడ్తానే అవతల కొండ కనపడింది. మామా తిట్టలే, నన్ను పట్టుకుని ఏడ్సింది." డ్రైవరన్నకు చెప్తే గొట్టం ఎత్తి మొహమ్మీద నీళ్ళు పోసుకున్నాడు.

ఫోను తెగినప్పటినుంచి మళ్ళీ మోగేదాకా ఎంతసేపు పట్టిందో తెలియదు, గడియారంలో కొంచెమేనేమో. ఇక్కడ నా ఏళ్ళన్నీ ఇట్టే గడిచిపోయాయి గానీ, ఆ కొంచెం మాత్రం ఇప్పటికీ పూర్తిగా గడవలేదు. మీ ఇంట్లోంచి పిల్లను చంకనేసుకుని బయటికి పోయిన మనిషి ఎవరైనా సరే, దీపాలు పెట్టే వేళకు నవ్వుతూ మీ గడప తొక్కాలి తల్లీ.